గోడ మీద పరుగెత్తే తండ్రి



మన మందిరం పక్క గోడ మీద వేసిన బొమ్మ గురించి ఈ రెండు నెలల్లో నాకు చాలా ఫోన్లు వచ్చాయి. కొందరు ఫోటో చూసి సంతోషించారు. కొందరు, "అయ్యగారూ, మందిరంలో బొమ్మలేంటి? రేపు దానికి దండలు వేస్తారేమో!" అన్నారు. అలా అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాక్యం మీద భయభక్తులున్నవాళ్లే ఆ ప్రశ్న అడుగుతారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బొమ్మ వేయడం కూడా ప్రార్థన కావచ్చు. పాట పాడే గొంతుకు, వాయిద్యం మోగించే చేతికి మన ఆరాధనలో చోటు ఇచ్చినట్టే, కుంచె పట్టే చేతికీ చోటు ఇవ్వాలి. నేను మొదట్లో ఇలా అనుకోలేదు. ఎలా మారానో చెబుతాను.

ఆ గోడకు ఏళ్ల తరబడి చెమ్మ. సున్నం పెచ్చులూడి చూడ్డానికి బాగుండేది కాదు. మరమ్మతు అయ్యాక ఖాళీగా ఉంచడం ఎందుకు, పట్నంలో ఒక ఫ్లెక్సీ కొట్టిద్దాం అనుకున్నాను. పచ్చిక, గొర్రెలు, కాపరి ఉన్న బొమ్మ సెల్‌ఫోన్లో దొరికింది. పొద్దున పంపితే సాయంత్రానికి చేతికి వచ్చేస్తుంది. ఆ మాట ఆదివారం ప్రకటనల్లో చెప్పాను. ఆరాధన అయ్యాక మన పెయింటర్ పెద్దాయన గుమ్మం దగ్గర ఆగాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. మన చుట్టుపక్కల ఊళ్లలో కొట్ల బోర్డులు, బడి గోడల మీద సామెతలు, ఎన్నికల గుర్తులు ముప్పై ఏళ్లు ఆయనే రాశాడు. మన మందిరం నుదుటి మీద ఉన్న వాక్యం కూడా ఆయన అక్షరాలే. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. ఇప్పుడు ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ దగ్గర కూలికి వెళ్తున్నాడు.

"అయ్యగారూ, ఆ గోడ నాకివ్వండి. కూలి వద్దు. రంగులు కొనిపెడితే చాలు" అన్నాడు.

"ఏం వేస్తావు?" అన్నాను.

"తప్పిపోయిన కుమారుడు" అన్నాడు.

నేను వెంటనే ఒప్పుకోలేదు. సంఘ పెద్దలను అడగాలన్నాను. అసలు భయం నాదే. మన సంఘంలో సగం మంది మొదటి తరం విశ్వాసులు. విగ్రహాలను విడిచి వచ్చినవాళ్లు. పెద్దల కూటంలో ఒక సహోదరుడు లేచి నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిచి, పైన ఆకాశమందు గానీ కింద భూమియందు గానీ ఉన్న దేని రూపాన్నీ చేసుకుని సాగిలపడవద్దన్న ఆజ్ఞ చదివాడు. ఆయన చదివింది సరైన వాక్యమే. నా దగ్గర జవాబు లేదు. ఒక వారం గడువు అడిగి ఇంటికొచ్చి అదే గ్రంథం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

20వ అధ్యాయం దాటి 25కు వచ్చేసరికి, ఆ ఆజ్ఞ ఇచ్చిన దేవుడే కరుణాపీఠం మీద రెండు బంగారు కెరూబులను చేయమంటున్నాడు. రెక్కలు ఎటు చాచాలో, ముఖాలు ఎటు తిరిగి ఉండాలో కూడా చెబుతున్నాడు. 28లో యాజకుని అంగీ అంచుకు నీలం, ఊదా, ఎరుపు నూలుతో దానిమ్మ పండ్లు చేయమంటున్నాడు. రూపాలను చేయడమే పాపమైతే ఈ ఆజ్ఞలు ఎలా వస్తాయి? ఆజ్ఞలోని బరువు సాగిలపడడం మీద, పూజించడం మీద ఉందని నాకు అర్థమైంది.

31వ అధ్యాయంలో బెసలేలు కనిపిస్తాడు. యూదా గోత్రికుడు, పనివాడు. ప్రవక్త కాదు, యాజకుడు కాదు. అతని గురించి దేవుడు తానే మోషేతో చెబుతున్నాడు: ఇతన్ని పేరు పెట్టి పిలిచాను, నా ఆత్మతో నింపాను అని. దేనికోసం? బంగారం, వెండి, ఇత్తడి పని కోసం, రత్నాలు చెక్కడం కోసం, కర్ర పని కోసం. ఆత్మతో నింపబడడం అనగానే మనకు ప్రసంగం, భాషలు, స్వస్థత గుర్తుకొస్తాయి. సుత్తి, ఉలి, నూలు గుర్తుకు రావు. నేను ఇన్నేళ్ల పరిచర్యలో బెసలేలు మీద ఒక్క ప్రసంగమూ చేయలేదని ఆ రాత్రి సిగ్గుపడ్డాను.

ఆ పేజీ తిప్పితే 32. బంగారు దూడ!

ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన ఉండటం ఊరికే కాదని నా నమ్మకం. రెండు చోట్లా బంగారమే. దూడ కోసం ఇచ్చినవీ చెవి పోగులే, 35వ అధ్యాయంలో గుడారం కోసం ఇచ్చిన నగల్లోనూ పోగులున్నాయి. రెండు చోట్లా చేతిపనే. మరి తేడా ఎక్కడుంది? దూడ తొందరలో పుట్టింది. మోషే కొండ దిగడం ఆలస్యమైంది, జనం ఆగలేకపోయారు, కళ్లకు కనిపించే దేవుడు వెంటనే కావాలన్నారు. తర్వాత మోషే నిలదీస్తే అహరోను చెప్పిన జవాబు చూడండి. వాళ్లు బంగారం ఇచ్చారు, అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నాడు! పోగరతో తానే చెక్కిన మాట మింగేశాడు. తన చేతులకు దానితో సంబంధమే లేనట్టు మాట్లాడాడు.

బెసలేలు పనికి ఎన్ని అధ్యాయాలు పట్టిందో లెక్కపెట్టండి. 36 నుంచి 39 వరకు తెరలు, కొలుకులు, దిమ్మలు, కమ్ములు, మేకులు. చదివేవాళ్లకు విసుగొచ్చేంత వివరం. మధ్య మధ్య ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది: యెహోవా మోషేకు ఆజ్ఞాపించినట్టే చేశారని. విగ్రహం అగ్నిలో నుంచి తనంతట తానే వచ్చినట్టు వస్తుంది. విశ్వాసంతో చేసిన పని రోజు రోజుకూ, లోబడుతూ, ఓపికతో వస్తుంది. నా ఫ్లెక్సీ కూడా పొద్దున పంపితే సాయంత్రానికి వచ్చేదే కదా అనిపించింది. ఫ్లెక్సీ పాపమని అనడం లేదు. కానీ దాన్ని వేయించడంలో నేను దేవుని ఎదుట ఒక్క గంట కూడా గడిపేవాణ్ని కాదు.

వారం తర్వాత పెద్దల కూటంలో ఇదంతా చెప్పాను. మూడు షరతులతో ఒప్పుకున్నాం. ఒకటి, ప్రసంగ వేదిక వెనక కాకుండా పక్క గోడ మీదే వేయాలి. రెండు, యేసు ప్రభువు ముఖం వేయకూడదు, ఆయన చెప్పిన ఉపమానమే వేయాలి. మూడు, అది పూజకు దారితీస్తే చెరిపేయాలి. మూడో షరతు చెప్పడానికి నేను తటపటాయించాను. పెయింటర్ పెద్దాయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "ఆ రోజు వస్తే సున్నం నేనే వేస్తానయ్యగారూ" అన్నాడు.

పని మొదలైంది. నేను రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేవాణ్ని. మొదటి వారం బొమ్మ అన్నది లేదు. పాత సున్నం గీకడం, లప్పం పెట్టడం, ఆరనివ్వడం, గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ లప్పం. "ఇంకెప్పుడు మొదలుపెడతావు?" అని అడిగితే, "మొదలుపెట్టాను కదండీ. తడి ఆరకుండా రంగేస్తే రెండో వానకే పొక్కిపోద్ది" అన్నాడు. నేను కొత్త విశ్వాసులకు బాప్తిస్మం ఇవ్వడానికి ఎంత తొందరపడతానో గుర్తుకొచ్చి నోరు మూసుకున్నాను.

రోజూ పని మొదలుపెట్టే ముందు లూకా 15వ అధ్యాయం చదివేవాడు. పెద్దగా చదువుకోలేదు, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివేవాడు. ఆదివారం కుంచె ముట్టుకునేవాడు కాదు. 31వ అధ్యాయంలో బెసలేలు పని చెప్పిన వెంటనే దేవుడు విశ్రాంతిదినం గురించి మాట్లాడతాడని చూపించాను. గుడారం పనికైనా సరే, ఏడో రోజు ఆగాల్సిందే. "మంచిదండీ, దేవుడి పనే గదాని చేసేస్తామేమోనని ముందే చెప్పాడు" అని నవ్వాడు.

దారానికి నీలం పొడి పట్టించి గోడ మీద గళ్లు కొట్టాడు. ఇల్లు, రోడ్డు, దూరంగా కొడుకు వచ్చాయి. కొడుకు తల వంచి ఉన్నాడు, ముఖం కనబడదు. తండ్రి దగ్గరకు వచ్చేసరికి పని ఆగిపోయింది. రెండు రోజులు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు నన్ను అడిగాడు.

"తండ్రి పరుగెత్తాడని ఉంది కదా అయ్యగారూ. ముసలాయన పరుగెత్తితే పంచె అడ్డం పడదా? ఎగ్గట్టుకున్నాడా? చెప్పులతో పరుగెత్తాడా, వదిలేసి పరుగెత్తాడా?"

ఆ ఉపమానం మీద నేను తక్కువలో తక్కువ ఇరవై సార్లు ప్రసంగించి ఉంటాను. పశ్చాత్తాపం గురించి, పందుల పొట్టు గురించి, ఉంగరం గురించి, కొవ్విన దూడ గురించి చెప్పాను. పరుగెత్తాడు అన్న మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. మాటల్లో చెప్పేవాడు దాటేసి పోవచ్చు. గీసేవాడు దాటలేడు. ఏ కాలు ముందుందో, ఏ చెయ్యి ఎత్తాడో తేల్చుకోకుండా గీత పడదు.

సెల్‌ఫోన్లో రెంబ్రాంట్ వేసిన బొమ్మ చూపించాను. ఆ డచ్చి చిత్రకారుడు తన చివరి సంవత్సరాల్లో, 1660లలో, ఇదే ఘట్టం వేశాడు. ఎనిమిదడుగులకు పైగా ఎత్తున్న ఆ చిత్రం ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. కొడుకు మోకాళ్ల మీద ఉంటాడు, తల బోడి, ఒక కాలి చెప్పు ఊడిపోయి అరికాలు కనబడుతుంది. ముసలి తండ్రి రెండు చేతులూ అతని వీపు మీద ఉంటాయి. మన పెద్దాయన చాలాసేపు చూశాడు. "మహానుభావుడండీ. కానీ ఈయన పరుగైపోయాక వేశాడు. నేను పరుగు వేయాలి" అన్నాడు.

"పరుగెట్టి చూపిస్తారా?" అని నన్నే అడిగాడు.

నాకు యాభై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు. ఆయన మాట తీసేయలేక పంచె ఎగ్గట్టి మందిరం గేటు నుంచి కాలువ వంతెన దాకా పరుగెత్తాను. చెరువు మీద నుంచి వస్తున్న ఆడవాళ్లు ఆగి చూశారు. పిల్లలు వెంటబడి నవ్వారు. టీ కొట్టు దగ్గర ఎవరో "అయ్యగారికి ఏమైందిరా?" అన్నారు. ఒక చెప్పు మధ్యలో ఊడిపోయింది. ఆయాసపడుతూ తిరిగొచ్చేటప్పుడు నా చెవులు సిగ్గుతో వేడెక్కాయి. పల్లెటూళ్లో పెద్దమనిషి పరుగెత్తడు. చావు కబురుకైనా నడిచే వెళతాడు. ఆ తండ్రి ఊరందరి ముందు తన పరువు వదిలేసి పరుగెత్తాడని, ఆ కొడుక్కి పడాల్సిన నవ్వు తన మీద వేసుకున్నాడని, వంతెన దగ్గర రొప్పుతూ నిలబడ్డప్పుడు నాకు మొదటిసారి తెలిసింది. సిలువ మీద వేసుకున్న అవమానం ఎలాంటిదో కూడా ఆ వంతెన మీద కాస్త తెలిసింది.

ఆ రాత్రి ఆయన తండ్రి పాదాలు గీశాడు. ఒకటి చెప్పుతో, ఒకటి లేకుండా. మర్నాడు నేను వెళ్లేసరికి ఏడుస్తున్నాడు.

ఇక్కడ నుంచి రాసేది ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయనకు ఒక్కడే కొడుకు. నాలుగేళ్ల కిందట మాటా మాటా పెరిగి ఇల్లు వదిలి వెళ్లాడు. ఎక్కడున్నాడో తెలుసు, నంబరూ ఉంది. వాడే రావాలి, వాడే కాళ్ల మీద పడాలి, అప్పుడు క్షమిస్తాను అనుకుంటూ ఉన్నాడట. "నేను ఆ తండ్రి లాంటివాణ్నే అనుకుని ఈ బొమ్మ వేస్తానన్నానండీ. గుమ్మంలో నిలబడి ఎదురుచూసే తండ్రిని వేద్దామనుకున్నాను. కాళ్లు వేస్తుంటే తెలిసింది. ఆయన నిలబడలేదు. నాలుగేళ్లుగా నిలబడింది నేను" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి నాలాంటి పాస్టరు ఆయన ఇంటికి పదిసార్లు వెళ్లాడు. వాక్యం చూపించాడు. ప్రార్థన చేశాడు. లోపలికి వెళ్లలేదు. తన చేతులతో తాను గీసిన రెండు పాదాలు ఆయనకు ఆ ప్రసంగం చేశాయి.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. కొడుకు ఎత్తాడు. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారట, అందులో సగం వానల గురించి. ఈ ఉత్తరం రాసే రోజుకు కొడుకు ఇంకా రాలేదు. దయచేసి ప్రార్థించండి. సాక్ష్యం పూర్తయ్యాక చెప్పమని కొందరు సలహా ఇచ్చారు. విశ్వాసం పూర్తికాని పనిలోనే ఉంటుందని నేను నమ్ముతాను కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

చిత్రం వేయడం భక్తి కావచ్చన్నది మన తెలుగు సంఘానికి కొత్త మాటేమీ కాదు. 1924లో ప్రతిష్ఠ అయిన మెదక్ మహాదేవాలయంలో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలను మనలో ఎంతమంది తలెత్తి చూడలేదు! మనవాడే అయిన లూథరన్ పాస్టర్ పి. సాల్మన్ రాజ్ గారు విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం పెట్టి, బాతిక్ బట్టల మీద, చెక్క అచ్చుల మీద సువార్తను మన నేల మనుషుల రూపురేఖలతో చూపించారు. బాతిక్ పని గురించి తెలుసుకుంటే నాకు ఆశ్చర్యం వేసింది. రంగు అంటకూడని చోట కరిగించిన మైనం పూస్తారు. లేత రంగులో ముంచి, మళ్లీ మైనం పూసి, అంతకన్నా ముదురు రంగులో ముంచుతారు. పని సాగినంతసేపూ మైనం కింద బొమ్మ సరిగా కనబడదు. చివర్లో వేడి తగిలి మైనం కరిగిపోయాకే బొమ్మ పూర్తిగా బయటపడుతుంది. కనబడకపోయినా పనిలో కొనసాగడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉపమానం దొరకలేదు.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. మూడో ఆదివారం ఒక అవ్వ ఆరాధన అయ్యాక ఆ గోడను తాకి, చెయ్యి కళ్లకద్దుకుంది. నేను చూశాను. పెద్దలూ చూశారు. నాకు గుండె జారింది. ఆమెను అందరి ముందు గద్దించకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పమన్నాను. చెప్పలేకపోయింది. అప్పుడు నేనే చెప్పాను. తర్వాతి వారం నుంచి పెయింటర్ పెద్దాయన సండే స్కూలు పిల్లలతో ఆ గోడ ముందు నిలబడి కథ చెబుతున్నాడు. ఇతరులకు నేర్పించే మనసు కూడా దేవుడు బెసలేలుకిచ్చాడని 35వ అధ్యాయంలో ఉంది. ఆ అవ్వ ఇప్పుడు వాళ్ల వెనక కూర్చుని వింటుంది. గోడను తాకడం లేదు.

అయినా ప్రమాదం పోయిందని నేను చెప్పను. మోషే దేవుని మాట మీదే ఇత్తడి సర్పాన్ని చేశాడు. తరాల తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా దాన్ని పగలగొట్టాడు. చేసినవాడూ లోబడ్డాడు, పగలగొట్టినవాడూ లోబడ్డాడు. మన బొమ్మకూ ఆ రోజు వస్తే డబ్బా నిండా సున్నం సిద్ధంగా ఉంది, వేసే చెయ్యి కూడా సిద్ధంగా ఉంది. తాను చేసిన పనిని దేవుని కోసం చెరిపేయడానికి ఇష్టపడే మనిషి దాన్ని విగ్రహంగా చేసుకోలేదని నాకు ధైర్యం. గోడ చెరిగిపోయినా ఆ రాత్రి ఆయనకు దొరికింది చెరిగిపోదు.

కాబట్టి నా మనవి. మీలో చేతిపని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. కుట్టు పని చేసే అక్కలున్నారు, వడ్రంగులున్నారు, ముగ్గు వేస్తే చూపు తిప్పుకోలేనట్టు వేసే చెల్లెళ్లున్నారు, పుస్తకం చివరి పేజీలో బొమ్మలు గీసి దెబ్బలు తినే పిల్లలున్నారు. ఒక వాక్యం తీసుకోండి. దాన్ని మీ చేతులతో చేయడానికి కూర్చోండి. మంచిగా రావాలని లేదు, ఎవరికీ చూపించనక్కర్లేదు. తొందరపడకండి. తప్పు వచ్చిన చోట చెరిపి మళ్లీ గీయండి. మీరు ఎన్నోసార్లు చదివి దాటేసిన మాట ఒకటి మిమ్మల్ని ఆపుతుంది. అక్కడ ఆగండి. ఆయన మీతో మాట్లాడాలనుకున్నది అక్కడే కావచ్చు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత పెయింటర్ పెద్దాయన పిల్లలకు కుంచె పట్టడం నేర్పడం మొదలుపెడతాడు. పాత బట్ట ఒకటి, పాత గిన్నె ఒకటి ఇచ్చి పంపండి. పెద్దవాళ్లూ రావచ్చు. బొమ్మ ఇష్టం లేని సహోదరులు కూడా రండి, అభ్యంతరం నాతోనే చెప్పండి. ఆ గోడ పక్కనే కూర్చుని మాట్లాడుకుందాం.

పరుగెత్తి మన దగ్గరికి వచ్చిన తండ్రి కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమెన్.